చెవి మిషన్ సొరుగులో ఉందా?



ఈ ప్రసంగం ఎవరి కోసమో వాళ్లలో చాలామందికి నా మాట ఇప్పుడు సరిగ్గా అందుతూ ఉండదు. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. అందుకని నేను వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లతో మాట్లాడతాను. కొడుకులతో, కోడళ్లతో, కూతుళ్లతో, తాతయ్య గదిలోకి వచ్చిపోయే మనవలతో. మీ ఇంట్లో చెవి మిషన్ పెట్టుకునేవాళ్లు ఉంటే దాని బాగోగులు చూసే పని మీది. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

మా నాన్నగారికి 76వ ఏట మిషన్ పెట్టించాం. చెవి వెనక తగిలించుకునే రకం. చెవిలో ఇమిడే మోల్డు ఒకటి, దానికీ మిషన్‌కీ మధ్య సన్నటి గొట్టం. మొదటి ఏడాది బాగానే గడిచింది. తరవాత ఒకరోజు దాన్ని తీసి బీరువా సొరుగులో పెట్టేశారు. "ఇది పనిచెయ్యడం లేదమ్మా, పోయింది" అన్నారు. మేమూ నమ్మేశాం. కొన్నచోట అడిగితే కంపెనీకి పంపాలి, ఖర్చవుతుంది అన్నారు గానీ చేతిలోకి తీసుకుని చూడలేదు. సరే, తరవాత చూద్దాంలే అనుకున్నాం. ఆ తరవాత నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల్లో ఆయన సాయంత్రాలు అరుగు మీదికి రావడం మానేశారు. ఎవరైనా వస్తే పేపరు అడ్డం పెట్టుకునేవారు. భోజనాల దగ్గర అందరూ నవ్వితే, ఎందుకో తెలియకపోయినా ఆయనా నవ్వేవారు. అదంతా వయసు వల్ల అనుకున్నాం.

చివరికి వినికిడి నిపుణురాలి దగ్గరికి, అంటే ఒక ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ మోల్డును గొట్టంతో సహా మిషన్ నుంచి ఊడదీసి, కిటికీ వెలుతురుకు పట్టి నాకు చూపించారు. మోల్డు కొసన రంధ్రంలో పసుప్పచ్చగా, ఆవగింజంత గుబిలి. అంతే. కడిగి, గొట్టంలో తడి ఊదేసి, కొత్త సెల్లు వేసి ఆయన చెవికి పెట్టారు. నాన్నగారు తల పైకెత్తి చూసి "ఈ ఫాను ఇంత చప్పుడు చేస్తోందేమిటి" అన్నారు. నాలుగు నెలలు ఆయన్ని మాకు దూరంగా కూర్చోబెట్టింది ఆ ఆవగింజంత గుబిలి. ఈ మాట చెబుతున్నప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

ఆయన ఎందుకు చూసుకోలేకపోయారు? ఆలోచిస్తే చాలా తేలిగ్గా అర్థమవుతుంది. చెవులు మందగించే వయసులోనే కళ్లూ మసకబారతాయి. వేళ్లకు పట్టు తగ్గుతుంది. కందిబద్దంత సెల్లు పట్టుకుని దాని మీద ఉన్న కూడిక గుర్తు చూడాలంటే మనకే కష్టం. ఇంకొకటి. మిషన్ కుయ్యిమని ఈల వేస్తుంటే ఇంట్లో అందరికీ వినిపిస్తుంది, చాలాసార్లు పెట్టుకున్నవాళ్లకే వినిపించదు. ఎందుకంటే వాళ్లకు ముందుగా పోయిన వినికిడి అలాంటి సన్నని శబ్దాలదే. కాబట్టి "నాన్నా, నీ మిషన్ ఈల వేస్తోంది" అని విసుక్కోకుండా, దగ్గరికి వెళ్లి సరిచేసి పెట్టాలి. పెద్దవాళ్లకు కళ్లద్దాలు తుడిచి ఇస్తాం కదా, ఇదీ అలాంటిదే.

ముందు సెల్లు సంగతి చెబుతాను. మిషన్ పోయింది అన్న ఫిర్యాదు వినగానే మొదట చూడవలసింది అదే.

చెవి మిషన్లలో వేసే సెల్లులో జింకు ఉంటుంది, అది గాలితో కలిసి పనిచేస్తుంది. సెల్లు చదునైన వైపు సూదిమొన అంత రంధ్రాలు ఉంటాయి. వాటిని మూస్తూ ఒక రంగు స్టిక్కరు అంటించి ఉంటుంది. స్టిక్కరు లాగగానే గాలి లోపలికి వెళ్లి సెల్లు మేలుకుంటుంది. అందుకే స్టిక్కరు తీసిన వెంటనే మిషన్‌లో వేసి మూత పెట్టేయకండి. రెండు మూడు నిమిషాలు బల్ల మీద, రంధ్రాల వైపు పైకి ఉండేలా ఉంచి ఆ తరవాత వేయండి. వెంటనే వేస్తే "కొత్త సెల్లు కూడా పనిచెయ్యలేదు" అనుకుని దాన్ని పారేసేవాళ్లున్నారు. ఒకసారి స్టిక్కరు తీశాక మళ్లీ అంటించి దాచుకుందామంటే కుదరదు. గాలి తగిలింది కాబట్టి, వాడినా వాడకపోయినా అది అయిపోతూనే ఉంటుంది. నాలుగు సెల్లుల స్టిక్కర్లు ఒకేసారి తీసి పెట్టుకోవద్దనేది అందుకే.

స్టిక్కరు రంగే సెల్లు సైజు చెబుతుంది. పసుపు అయితే 10, గోధుమరంగు అయితే 312, నారింజ అయితే 13, నీలం అయితే 675. ఏ కంపెనీ సెల్లు అయినా ఈ రంగులు ఇవే. మందుల షాపులో నంబరు గుర్తులేకపోయినా రంగు చెబితే ఇస్తారు. చిన్న సైజు సెల్లు తొందరగా అయిపోతుంది. రోజంతా పెట్టుకునేవాళ్లకు 312 ఒక వారం అటూ ఇటూగా వస్తే, 675 రెండు వారాల పైన రావచ్చు. మిషన్ శక్తిని బట్టి, వాడకాన్ని బట్టి ఇది మారుతుంది. మా ఇంట్లో కొత్త సెల్లు వేసినరోజున స్టిక్కరు తీసి క్యాలెండరులో ఆ తేదీ మీద అంటిస్తాం. రెండు నెలలు అలా చేస్తే ఎన్నాళ్లు వస్తోందో మీకే తెలుస్తుంది. ఎప్పుడూ పది రోజులు వచ్చేది మూడు రోజుల్లో అయిపోతే తప్పు మరెక్కడో ఉందని కూడా తెలుస్తుంది. ఈ సెల్లు టార్చిలైటులా నెమ్మదిగా మసకబారదు. చివరిదాకా బాగానే పనిచేసి ఒక్కసారిగా ఆగిపోతుంది. అందుకని పెళ్లికి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా ఒక సెల్లు వెంట ఉండాలి. దాన్ని జేబులో చిల్లర డబ్బులతో, తాళాలతో కలిపి వేయకండి. ఫ్రిజ్‌లోనూ పెట్టకండి, తడి పడుతుంది.

వేసేటప్పుడు కూడిక గుర్తు ఏ వైపు ఉండాలో మూత మీదే ఉంటుంది. మూత సులువుగా పడకపోతే సెల్లు తిరగబడిందని అర్థం. అదిమి మూయకండి, మూత విరుగుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ సెల్లులు పసిపిల్లల చేతికి దొరకకూడదు. నిగనిగలాడుతూ మాత్రలా ఉంటాయి. మింగినా, ముక్కులోనో చెవిలోనో దూర్చుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. మాత్రలనుకుని పెద్దవాళ్లే మింగేసే ప్రమాదం కూడా ఉంది కాబట్టి మందుల డబ్బాలో వాటిని అసలు ఉంచకండి.

ఛార్జింగు మిషన్లు వచ్చాక సెల్లు మార్చే ఈ బాధ కొంత తగ్గింది. వాటిని రాత్రి పెట్టెలో పెట్టేటప్పుడు లైటు వెలిగిందా లేదా చూడాలి, మిషన్‌కీ పెట్టెకీ తగిలే లోహపు చుక్కలను పొడి బట్టతో తుడవాలి. అంతకు మించి ఏమీ లేదు.

సెల్లు బాగుంది, అయినా శబ్దం లేదు. అప్పుడు గుబిలి చూడాలి. మోల్డు ఎలా కడగాలో చెబుతాను, కాస్త నిదానంగా వినండి.

మోల్డు వేరు, మిషన్ వేరు. మిషన్‌కు నీళ్లు తగలకూడదు. మోల్డుకు తగలవచ్చు. మిషన్ పైభాగాన కొక్కెంలా వంగిన ముక్క ఉంటుంది. గొట్టం దాని కొసకు తొడిగి ఉంటుంది. ఆ కొక్కాన్ని ఒక చేత్తో, గొట్టాన్ని అది మొదలయ్యేచోట ఇంకో చేత్తో పట్టుకుని, కొంచెం మెలితిప్పుతూ లాగితే ఊడి వస్తుంది. మిషన్ ఒంటిని పట్టుకుని లాగకూడదు. ఊడిన మోల్డును గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోసి, రెండు చుక్కల సబ్బు కలిపి, కాసేపు నానవేయండి. మెత్తటి పాత బ్రష్షుతో రుద్దండి. రంధ్రంలో ఇంకా ఏమైనా ఉంటే మిషన్‌తో ఇచ్చిన సన్నటి తీగతోనే తీయండి. పిన్నీసు వాడితే గొట్టానికి చిల్లు పడుతుంది. మంచినీళ్లలో కడిగి, బట్ట మీద దులిపి, గొట్టంలో మిగిలిన నీటిబొట్టును బయటికి ఊదాలి. దీనికి రబ్బరు బుడ్డి దొరుకుతుంది, నొక్కితే గాలి వస్తుంది. నోటితో ఊదితే ఆవిరి మళ్లీ లోపలికే పోతుంది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున మిషన్‌కు తగిలించండి. ఆ ఒక్క బొట్టు మిగిలిపోతే చాలు, మాట గులగులమంటూ వస్తుంది, లేదా అసలు రాదు. స్పిరిటు, శానిటైజరు మోల్డుకు వాడవద్దు, గట్టిపడి పగుళ్లు ఇస్తుంది. రెండు చెవులకూ మిషన్లు ఉంటే ఒకటి పూర్తయ్యాకే రెండోది తీయండి. ఎర్ర గుర్తు కుడి చెవి, నీలం గుర్తు ఎడమ చెవి.

ఇప్పుడు ఎక్కువగా వస్తున్నవి సన్నటి తీగ చివర చిన్న స్పీకరు చెవిలోకి వెళ్లే మిషన్లు. వాటిని నీళ్లలో ముంచకూడదు, తీగ పట్టుకుని లాగకూడదు. కొసన గొడుగులా ఉండే రబ్బరు టోపీ ఊడదీస్తే లోపల తెల్లటి జల్లెడ ఉంటుంది. గుబిలి స్పీకరులోకి పోకుండా ఆపేది అదే. అది మూసుకుపోతే మిషన్ చచ్చినట్టే అనిపిస్తుంది. మిషన్‌తో పాటు పుల్లలు ఇస్తారు. ఒక కొస పాత జల్లెడను పట్టి లాగుతుంది, రెండో కొస కొత్తదాన్ని పెడుతుంది. అర నిమిషం పని. వేలల్లో ఖర్చవుతుందని మనం భయపడే చోట చాలాసార్లు ఆ తెల్ల చుక్క మారిస్తే సరిపోతుంది.

ఇక ఈల సంగతి. మిషన్ నుంచి చెవిలోకి వెళ్లవలసిన శబ్దం సందులోంచి బయటికి కారి, మళ్లీ మిషన్ మైకులోకి వెళితే ఈల పుడుతుంది. ఈల వేస్తోందంటే మిషన్ బతికే ఉందన్నమాట. సెల్లులో శక్తి ఉందో లేదో చూడాలన్నా, మిషన్ ఆన్ చేసి గుప్పిట్లో మూయండి. చాలా మిషన్లు కుయ్యిమంటాయి.

చెవిలో ఉండగా ఈల వేస్తుంటే మొదట మోల్డు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. పైకొస చెవి మడతలోకి వెళ్లకపోవడం వల్లే చాలాసార్లు ఈల వస్తుంది. కూర్చున్నా ఈల ఆగలేదు. అప్పుడు ఇలా చేయండి. మిషన్ ఆన్‌లోనే ఉంచి చెవి నుంచి తీసి, మోల్డు రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూయండి. ఈల ఆగిపోయిందా? అయితే మిషన్‌లో తప్పు లేదు. మోల్డు వదులైంది, లేదా చెవి నిండా గుబిలి ఉంది. చెవిలో గుబిలి గోడలా అడ్డం ఉంటే శబ్దం దానికి తగిలి వెనక్కి వస్తుంది. వేలితో మూసినా ఈల వస్తోందా? అయితే కారడం మధ్యలో ఉంది. మోల్డు ఊడదీసి, కొక్కెం కొసను వేలితో మూయండి. ఇప్పుడు ఆగితే గొట్టం పగిలింది. ఇప్పటికీ ఆగకపోతే కొక్కెమో లోపలి భాగమో పాడైంది, దాన్ని బాగుచేసేచోటికి తీసుకెళ్లాలి. ఈ పరీక్షకు పనిముట్టు ఏదీ అక్కర్లేదు. మీ బొటనవేలు చాలు.

గొట్టం కాలంతో పచ్చబడి గట్టిపడుతుంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి మార్పించాలి, పెద్ద ఖర్చు కాదు. పెద్దవాళ్లు జబ్బుపడి చిక్కిపోతే చెవి కూడా చిక్కుతుంది, మోల్డు వదులవుతుంది. పిల్లలకైతే చెవి పెరుగుతుంది కాబట్టి కొన్ని నెలలకే కొత్త మోల్డు కావాలి. "మొన్ననే కదా చేయించాం" అనుకోకండి.

చెవి గుబిలి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. అగ్గిపుల్ల, పిన్నీసు, ఇయర్‌బడ్, కాచిన నూనె, వీటిలో ఏదీ వద్దు. పుల్ల గుబిలిని ఇంకా లోపలికి నెడుతుంది. కర్ణభేరికి చిల్లు ఉన్న చెవిలో నూనె పోస్తే కోరి చీము తెచ్చుకున్నట్టు. చెవి డాక్టరు తీసేస్తారు. చెవి కారుతున్నా, నొప్పిగా ఉన్నా ఆ చెవికి మిషన్ పెట్టకుండా డాక్టరుకు చూపించండి.

మాది కాకినాడ. సముద్రపు ఉక్కలో మనిషికే ఊపిరాడదు, ఇక మిషన్ సంగతి చెప్పాలా? చెవి వెనక కారే చెమట నేరుగా దాని మీదికే వెళుతుంది. లోపల లోహపు ముక్కలకు చిలుము పడితే శబ్దం వస్తూ పోతూ ఉంటుంది, గరగరమంటుంది. మా వైపు మిషన్లు పాడవడానికి గుబిలి తరవాత పెద్ద కారణం ఈ తడే. రాత్రి తీయగానే పొడి బట్టతో తుడిచి, సెల్లు బయటికి తీసి, మూత తెరిచి, గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ గుళికలతో పాటు పెట్టండి. సెల్లు మాత్రం ఆ డబ్బాలో వద్దు, ఎండిపోతుంది. నీలం గుళికలు గులాబీరంగుకు తిరిగితే తేమ నిండిందని అర్థం, మార్చాలి. బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లను చూశాను. బియ్యపు పొడి మైకు రంధ్రాల్లోకి పోతుంది, అలా చేయకండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యరు పెట్టడం, పొయ్యి దగ్గర ఉంచడం, ఇవన్నీ మిషన్‌ను చంపేవే.

తలంటుకు ముందు తీయాలి. కొబ్బరినూనె రాసుకుని, పౌడరు వేసుకుని, చీరో పంచో కట్టుకుని, అన్నీ అయ్యాక చిట్టచివర చెవికి పెట్టాలి. నూనె వేళ్లతో ముట్టుకుంటే మైకు రంధ్రాలు పూడిపోతాయి. ఆ రంధ్రాలను చిన్న బ్రష్షుతో తుడిచేటప్పుడు వాటిని నేలవైపు వంచి పట్టుకోండి, మురికి కింద పడుతుంది. పైకి పట్టుకుని తుడిస్తే లోపలికి పోతుంది. ఇంట్లో కుక్క ఉంటే మిషన్ దానికి అందనంత ఎత్తులో పెట్టండి. మనిషి వాసనకూ ఆ సన్నటి ఈలకూ అది ఆగలేదు, నమిలేస్తుంది.

ఒక్కోసారి తప్పు మిషన్‌లో ఉండదు. పాత రకాల్లో ఎమ్, టి, ఓ అనే అక్షరాల మీట ఉంటుంది. ఎమ్ అంటే మైకు, టి అంటే టెలిఫోను, ఓ అంటే ఆపేయడం. తుడిచేటప్పుడు పొరపాటున టి మీదికి జరిగితే ఎదుటి మాట వినిపించదు. అలాగే సెల్‌ఫోనును మామూలుగా చెవి రంధ్రానికి ఆనించి "వినపడటం లేదు" అంటారు. మిషన్ మైకు ఉన్నది చెవి పైన. ఫోనును అక్కడికి జరిపి చూడమనండి.

పిల్లలున్న తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట. మిషన్ ఆగిపోయిందని చిన్నపిల్లలు చెప్పలేరు. వాళ్ల వినికిడి చూడటానికి డానియల్ లింగ్ అనే ఆచార్యుడు ఆరు ధ్వనుల పరీక్ష పెట్టాడు. ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. మన మాటల్లోని బొంగురు ధ్వనుల నుంచి సన్నని ధ్వనుల దాకా ఈ ఆరింటిలో వచ్చేస్తాయి. రోజూ పొద్దున మిషన్ పెట్టాక, బిడ్డ వెనక నిలబడి, పెదాలు కనిపించకుండా, మామూలు గొంతుతో ఒక్కొక్కటి అనండి. విన్నప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వేయమనండి. నిన్నటిదాకా "స్" విన్న బిడ్డ ఇవాళ వినకపోతే సెల్లు, మోల్డు చూడండి. అవి బాగుంటే అదే రోజు ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మాటలు నేర్చుకునే వయసులో మూగగా పోయిన వారం మళ్లీ దొరకదు. పెద్దవాళ్లకు కూడా ఈ పరీక్ష పనికొస్తుంది, మేము నాన్నగారికి చేసేవాళ్లం.

ఇవన్నీ చేసినా పలకకపోతే విప్పి లోపల వేలు పెట్టకండి, గమ్ములు, నూనెలు పూయకండి. పెట్టినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. మిషన్ కొనే స్థోమత లేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకం 1981 నుంచి ఉంది, ఆదాయాన్ని బట్టి ఉచితంగానో తక్కువ ధరకో ఇస్తారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, వినికిడి పరీక్షలూ మిషన్ల అమరికా అక్కడ జరుగుతాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన మన హైదరాబాదు మనిషి పేరే ఆ సంస్థకు పెట్టారు.

శ్రోతలకు ఒక్క విన్నపం. ఈ రాత్రి భోజనాలయ్యాక మీ ఇంట్లో ఆ సొరుగు తెరవండి. మూలన చిన్న పెట్టెలో పడి ఉన్న మిషన్ తీయండి. మోల్డును దీపం వెలుతురుకు పట్టి చూడండి, కడిగి ఆరబెట్టండి. రేపు పొద్దున స్టిక్కరు తీసి మూడు నిమిషాలు ఆగి కొత్త సెల్లు వేయండి. అమ్మ చెవికో, నాన్న చెవికో మీ చేత్తోనే పెట్టి, వెనక నిలబడి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి.